నా బొమ్మల దగ్గర ఆగుతున్నారు, మా తమ్ముడి ఫొటోల దగ్గర ఆగడం లేదు. ఏం చేయాలి?

కోవూరు డ్రాయింగ్ టీచర్:

అందరికీ నమస్కారం. ఎగ్జిబిషన్లు పెట్టిన అనుభవం ఉన్నవాళ్ళ సలహా కావాలి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను కోవూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఇంట్లో కాన్వాస్ మీద అక్రిలిక్ వేస్తాను. మా తమ్ముడికి నెల్లూరులో ఫొటో స్టూడియో ఉంది. మా నాన్న పెట్టిందే, ఆయన పోయాక వాడు చూసుకుంటున్నాడు. ముహూర్తాలున్న నెలల్లో వాడికి అన్నం తినే టైం కూడా ఉండదు. మూఢం వచ్చిందంటే మాత్రం తెల్లవారుజామునే బండి తీసి అల్లూరు మీదుగా ఇసకపల్లి పోతాడు. అక్కడి ఉప్పు మడుల్లో నాలుగేళ్ళుగా ఫొటోలు తీస్తున్నాడు. వాటికి ఎవరూ డబ్బులివ్వరు. అయినా పోతాడు.

ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక కమ్యూనిటీ హాల్లో మూడు రోజులు ఇద్దరివీ కలిపి పెట్టాం. ఒక గోడకు నా పెయింటింగ్‌లు 16, ఎదురు గోడకు వాడి ఫొటోలు 24. జనం బాగానే వచ్చారు. నా వైపు గోడ దగ్గర నిలబడి చూశారు, సెల్ఫీలు తీసుకున్నారు, "ఎన్ని రోజులు పట్టిందమ్మా" అని అడిగారు. నెల్లూరు రొట్టెల పండగలో, కోరికను బట్టి స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటున్న చేతుల బొమ్మ ఒకటి వేశాను. దాని ముందు ఒకావిడ కళ్ళు తుడుచుకుంది కూడా. అటు తిరిగి తమ్ముడి గోడ దగ్గరికి వచ్చేసరికి నడక ఆపకుండానే చూసుకుంటూ పోయారు. ఆగినవాళ్ళు అడిగింది ఒకటే: "ఏ కెమెరా బాబూ?"

వాటిలో ఒక ఫొటో గురించి చెప్పాలి. ఉప్పు మడిలో ఒక పెద్దావిడ పాదాలు. మడమల పగుళ్ళలో ఉప్పు పలుకులు ఇరుక్కుని తెల్లటి గీతల్లా ఉంటాయి. కాలి బొటనవేలికి పాత చీర పేలిక చుట్టి ఉంటుంది, దాని అంచు తడిసి, ఆరి, గట్టిపడి అట్టలా నిలబడి ఉంటుంది. పాదాల చుట్టూ నీళ్ళలో ఆకాశం. దాని కోసం వాడు నాలుగు పొద్దులు వెళ్ళాడు. నేను ఆ పాదాల్ని వెయ్యాలంటే నా వల్ల కాదు. ఆ ఫొటో ముందు నిలబడి ఒక పెద్దాయన "మా మనవడు కూడా ఫోన్లో ఇట్లాంటివి తీస్తాడు" అన్నారు. ఆయన తప్పుగా అనలేదు, నవ్వుతూనే అన్నారు. తమ్ముడు ఏమీ అనలేదు. సాయంత్రం సామాన్లు సర్దేటప్పుడు మాత్రం "ఈసారి నీవి పెట్టుకో అక్కా, నేను లైట్లూ గీట్లూ చూసుకుంటాను" అన్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో మళ్ళీ హాలు దొరికింది. వాడి ఫొటోలు లేకుండా నేను పెట్టను. అడగాలనుకున్నది ఇదీ: ఫొటోలు, పెయింటింగ్‌లు ఒకే గోడకు కలిపి పెట్టొచ్చా? ఫొటోలు ఇంకా పెద్దవి చేయిస్తే నిలబడి చూస్తారా? పోయినసారి 12x18 అంగుళాల సైజులో సన్‌బోర్డ్ (తేలికపాటి ఫోమ్ అట్ట) మీద అంటించి పెట్టాం. మూడో రోజుకు కొన్నింటి మూలలు లేచాయి. ల్యాబ్ వాళ్ళు రంగులు కూడా ఏదో మార్చారు, ఆ పెద్దావిడ పాదాలు నున్నగా వచ్చాయి. అదీ బాధే.

ఒంగోలు ఫ్రేములాయన:

మేడం, నాకు కళ గురించి పెద్దగా తెలీదు. ఫ్రేములు కట్టి 22 ఏళ్ళయింది, అది మాత్రం తెలుసు.

ముందు ల్యాబ్ సంగతి. పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ల్యాబుల్లో చాలాచోట్ల ఫైలు రాగానే కరెక్షన్ చేసేస్తారు. చర్మం నున్నగా, రంగు తెల్లగా. పెళ్ళికూతురికి అది కావాలి, ఉప్పు మడిలో ఆవిడకి వద్దు. ఫైలు ఇచ్చేటప్పుడే "నో కరెక్షన్" అని రాసివ్వండి. ముందు చిన్న సైజులో ఒక టెస్ట్ ప్రింట్ తీయించి, హాల్లో ఏ లైటు ఉంటుందో ఆ లైటు కింద చూసుకోండి. షాపులో చూసి సరే అనొద్దు.

సన్‌బోర్డ్ వద్దు. మన కోస్తా గాలిలో చెమ్మ ఎక్కువ, గమ్ము పట్టు వదిలేస్తుంది. మ్యాట్ పేపర్ మీద పిగ్మెంట్ ఇంకు ప్రింట్ తీయించండి. చుట్టూ మూడంగుళాల మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ అంచులా వేసే దళసరి అట్ట), సన్నటి నల్ల చెక్క ఫ్రేము. అద్దం వేస్తే ఫొటో అద్దానికి తగలకూడదు. తగిలితే ఒక వానాకాలానికే అతుక్కుపోతుంది, తర్వాత తీస్తే బొమ్మ ఊడి అద్దంతో వచ్చేస్తుంది. మౌంట్ బోర్డు మందమే ఆ ఖాళీని ఇస్తుంది. గ్లాసీ పేపర్ అసలొద్దు. చీమకుర్తి క్వారీల్లో గెలాక్సీ గ్రానైట్ ఫొటోలు తీసినాయన ఒకరు గ్లాసీలో చేయించుకుని నా దగ్గరికి తెచ్చారు. నల్లరాయిలో బంగారు చుక్కల మెరుపు కనపడాల్సింది పోయి ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు కనపడింది. మళ్ళీ తీయించాం.

సైజు గురించి. 12x18కి 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) కావాలంటే 3600x5400 పిక్సెళ్ళు, అంటే 19 మెగాపిక్సెల్ పైన. తమ్ముడిది 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే 24x36 కూడా చేయించొచ్చు. అప్పుడు 166 డీపీఐ వస్తుంది, ఐదారు అడుగుల దూరం నుంచి చూసేవాళ్ళకి తేడా తెలీదు. అయితే అన్నీ పెద్దవి చేయించొద్దు, డబ్బు దండగ. పాదాలది ఒక్కటి చేయించండి.

మీ కాన్వాసులకూ ఒక మాట. చెమ్మకి కాన్వాస్ వదులవుతుంది. వెనక మూలల్లో చెక్క చీలికలు ఉంటాయి కదా, వేలాడదీసే ముందు రోజు వాటిని చిన్న సుత్తితో మెల్లగా కొట్టి బిగించండి.

మేకులు కొట్టిన ముసలాయన:

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను మద్రాసులో ఒక గ్యాలరీలో పందొమ్మిదేళ్ళు పనిచేశాను. చిత్రకారుణ్ణి కాను. బొమ్మలు గోడకు వేలాడదీసే పని నాది. మేకులు, తాడు, రసమట్టం, నిచ్చెన. ఇప్పుడు కావలి దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. గ్యాలరీలో నా స్టూలు ఎప్పుడూ మూలన ఉండేది. అక్కడ కూర్చుని బొమ్మలకంటే చూసేవాళ్ళని ఎక్కువ చూశాను. అందుకే రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. మీ రొట్టెల బొమ్మ ముందు ఆవిడ కళ్ళు తుడుచుకుంది పెయింటింగ్ అయినందుకు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. నెల్లూరులో ఆ చెరువు నీళ్ళలో మోకాలి లోతున నిలబడి రొట్టె పట్టుకోనివాళ్ళు ఎంతమంది? చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. ఏదో ఒకటి తీసుకునే ఉంటారు, లేకపోతే తల్లి తీసుకుని ఉంటుంది. ఆవిడ చూసింది తన చేతులు. ఉప్పు మడిలోకి మాత్రం వాళ్ళలో ఒక్కరూ దిగి ఉండరు. రోజూ కూరలో వేసే ఉప్పే, అయినా ఆ పాదాలు వాళ్ళకి కొత్త. కొత్తదాని ముందు మనిషి ఆగాలంటే ఎవరైనా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోవాలి. మీరు ఎదురెదురు గోడలు కట్టి, ఇక్కడ బొమ్మలు, అక్కడ ఫొటోలు అని పోటీ పెట్టారు. పోటీలో ఎన్ని రోజులు పట్టింది అన్న లెక్కే గెలుస్తుంది. పెయింటింగ్‌లో పడ్డ కష్టం పైకి కనపడుతుంది, రంగు దళసరి చేత్తో తడిమినట్టు తెలుస్తుంది. ఫొటోలో నాలుగు పొద్దుల కష్టం కాగితం మీద కనపడదు.

అందుకే కలిపి పెట్టండి. అయితే ఒకే దృశ్యం ఫొటోనూ పెయింటింగ్‌నూ పక్కపక్కన పెట్టొద్దు. పెడితే జనం అచ్చు దిగిందా లేదా అని పోల్చుకోవడంలో పడిపోతారు. నేనైతే వరస ఇలా కడతాను. గుమ్మంలోంచి రాగానే మీ రొట్టెల చేతులు. వాళ్ళకి తెలిసింది, ఆగుతారు. దాని పక్కన అడుగున్నర ఖాళీ. తర్వాత తమ్ముడి పాదాలు, పెద్ద సైజు. చేతుల్లోంచి పాదాల్లోకి, చెరువు నీళ్ళలోంచి ఉప్పు నీళ్ళలోకి. కన్ను తనంతట తనే వెళ్తుంది. ఆ తర్వాత మీ పెన్న బొమ్మ ఏదైనా ఉంటే అది. ఇరవై నాలుగు ఫొటోలు చాలా ఎక్కువ. పది చాలు. తీసేయడం తమ్ముడికి బాధగా ఉంటుంది, అందుకని మీరు తీయండి.

ఎత్తు. బొమ్మ నడుమ భాగం నేల నుంచి 58 అంగుళాల దగ్గర ఉండేట్టు కట్టేవాణ్ణి. గ్యాలరీల్లో 57 నుంచి 60 మధ్య కడతారు. మీ హాలుకి బడిపిల్లలు, పొట్టిగా ఉండే పెద్దవాళ్ళు వస్తారు కాబట్టి 56 పెట్టుకోండి. పెద్దా చిన్నా అన్నింటికీ నడుమ ఒకే గీతలో ఉండాలి, పై అంచులు కలపొద్దు. తాడు తీసుకుని గోడ పొడవునా కట్టి, దాన్ని బట్టి మేకు కొట్టండి.

లైటు. హాల్లో ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి. తమ్ముడి దగ్గర పెళ్ళిళ్ళకి వాడే ఎల్‌ఈడీ లైట్లు, స్టాండ్లు ఉంటాయి కదా, అవి చాలు. పైనుంచి 30 డిగ్రీలు వాలుగా పడాలి. మరీ ఎదురుగా పెడితే అద్దంలో చూసేవాళ్ళ మొహమే కనపడుతుంది.

ఇంకొకటి. పాదాల ఫొటోకి ఎదురుగా ఆరడుగుల దూరంలో ఒక బల్ల వేయండి. పెద్దవాళ్ళు కాళ్ళు నొప్పులని కూర్చుంటారు. కూర్చున్నాక ఎదురుగా ఉన్నదాన్ని చూస్తారు. మద్రాసులో ఇది ఎన్నోసార్లు చూశాను. బల్ల ఎక్కడ వేస్తే ఆ బొమ్మ గురించే సాయంత్రం మాట్లాడుకునేవాళ్ళు.

ఫొటో కింద "ఉప్పు, ఇసకపల్లి, మే నెల, తెల్లవారి ఐదున్నర" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. కెమెరా పేరు రాయొద్దు.

ఫొటో కళా కాదా అని తమ్ముడు మనసు కష్టపెట్టుకుంటే ఇది చెప్పండి. పందొమ్మిదో శతాబ్దపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ మొదట ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో డ్రాఫ్ట్స్‌మన్. గీతలు గీసే ఉద్యోగంలో ఉంటూ కెమెరా పట్టారు, తర్వాత నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యారు. గీసే చెయ్యి, తీసే కన్ను వేరువేరని అప్పటివాళ్ళు అనుకోలేదు. మన ఊళ్ళ స్టూడియోల్లోనూ అంతే. బ్లాక్ అండ్ వైట్ ఫొటో మీద సన్న కుంచెతో పెదాలకి, చీర అంచుకి రంగు వేసేవాళ్ళు. వెనక పరదా మీద మేడలూ తోటలూ వేసేవాళ్ళు. మీ నాన్నగారిది స్టూడియో అన్నారు కదా, ఆయన కాలంలో ఇవి ఉండే ఉంటాయి. తమ్ముణ్ణి అడగండి.

అల్లూరు కోడలు:

అక్కా, మా అత్తగారి ఊరు అటువైపే. ఉప్పు పనికి వెళ్ళేవాళ్ళు మా ఇంటి ముందు నుంచే పోతారు. ఒక్కటే అడుగుతాను. ఆ పాదాలు ఎవరివో ఆవిడకి ఆ ఫొటో ఇచ్చారా? ఆవిడ చూసిందా? మా పక్క ఫొటోలు తీసుకుపోయేవాళ్ళు చాలామంది వస్తారు, ఫ్లెమింగోల కోసం పులికాట్ పోతూ కూడా ఇటు వస్తుంటారు. తీసినవాళ్ళని మళ్ళీ చూడటం అరుదు. తమ్ముడు అలాంటివాడని అనడం లేదు, నాలుగేళ్ళు వచ్చాడంటే మంచివాడే. అయినా హాల్లో పెట్టేముందు ఆవిడ చేతిలో పెట్టండి. సరేనంటేనే పెట్టండి. ఎగ్జిబిషన్ రోజు ఆటో మాట్లాడి వాళ్ళని తీసుకురండి. మీ హాల్లో ఆ ఫొటో ముందు ఆవిడే నిలబడి ఉంటే ఇంకెవరూ నడుచుకుంటూ పోరు.

కోవూరు డ్రాయింగ్ టీచర్:

ఫ్రేములాయన గారికి, పెద్దాయనకి, చెల్లికి చాలా థాంక్స్. చెల్లి రాసింది చదివి నాకు రెండు రోజులు మనసు బాగోలేదు. తమ్ముడు ఆవిడకి ఫోన్లో చూపించాడంట, ప్రింట్ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ఈ ఆదివారం ప్రింట్ తీసుకుని వెళ్తున్నాడు, నేనూ వెళ్తున్నాను.

పెద్దాయనా, మీరు పరదా సంగతి రాయగానే నేను స్టూడియోకి పోయి అటక ఎక్కాను. ఉంది! మా నాన్న వేసిందే. తొమ్మిదడుగుల గుడ్డ, వెదురు బొంగుకి చుట్టి ఉంది. విప్పితే పాలరాతి మెట్లు, పూలకుండీలు, వెనక ఒక సరస్సు, దాంట్లో రెండు హంసలు. కుడివైపు హంసకి మెడ కొంచెం వంకర. అది నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు "నువ్వు వెయ్యమ్మా" అని నాన్న కుంచె ఇస్తే వేసింది. ఇన్నేళ్ళూ మరిచిపోయాను. నాకు బొమ్మలు వెయ్యడం నేర్పింది ఒక ఫొటోగ్రాఫరే కదా అని అప్పుడు తట్టింది. తమ్ముడు కాసేపు దాని ముందు నుంచి కదల్లేదు.

మేకులు కొట్టిన ముసలాయన:

దాన్ని మడతపెట్టొద్దు. మడతల దగ్గర రంగు పెళుసై రాలుతుంది. బొంగుకే వదులుగా చుట్టండి, రంగు వేసిన వైపు బయటికి ఉండేలా. తడిగుడ్డతో తుడవొద్దు, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి. గుమ్మం దగ్గర వేలాడదీస్తే బాగుంటుంది, కానీ అది మీ ఇద్దరి ఇష్టం.

కోవూరు డ్రాయింగ్ టీచర్:

ఆదివారం వెళ్ళొచ్చాం. జరిగింది రాయాలి.

తెల్లవారకముందే చేరుకున్నాం. మార్చి కదా, పని మొదలైంది. చెక్క పలకతో ఉప్పు ఒడ్డుకు లాగుతున్నారు. పలక కింద ఉప్పు కదులుతుంటే గరగరమని సన్నటి చప్పుడు. ఫొటోల్లో అది నాకెప్పుడూ వినపడలేదు. ఆవిడ గట్టు మీద కూర్చుని ఫొటో చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత తమ్ముడితో, "మొగం తియ్యకుండా కాళ్ళు తీశావేందయ్యా? ఇంటికాడ గోడకి ఎట్టా పెట్టుకునేది?" అంది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. తమ్ముడికి నోట మాట రాలేదు. నాకూ రాలేదు. మేమిద్దరం ఇన్నాళ్ళూ హాల్లోకి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనని ఆలోచించాం గానీ, ఆవిడ ఇంటి గోడ గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

పాదాల ఫొటో హాల్లో పెట్టుకోమంది. దానికి బదులు తనకి మొహం ఉన్న ఫొటో కావాలంది, "స్టూడియోలో తీసినట్టు."

నిన్న మళ్ళీ పోయాం. ఈసారి కారు మాట్లాడుకుని, పరదా పైన కట్టుకుని. రెండు వెదురు బొంగులు పాతి, మడుల పక్కన గట్టు మీద నాన్న పరదా కట్టాడు తమ్ముడు. గాలికి అల్లాడుతుంటే కింద రెండు వైపులా నేనూ ఇంకో అమ్మాయీ పట్టుకున్నాం. ఆవిడ తల దువ్వుకుని, కొంగు సర్దుకుని, పాలరాతి మెట్ల ముందు నిలబడింది. చెప్పుల్లేవు. ఆ పేలిక అట్లాగే ఉంది. వెనక హంసలు, పరదా దాటి రెండు పక్కలా తెల్లటి ఉప్పు కుప్పలు. నవ్వమంటే నవ్వలేదు, బిగుసుకుని నిలబడింది, మా చిన్నప్పుడు నాన్న ముందు అందరూ నిలబడ్డట్టే. తర్వాత వరసగా తొమ్మిది మంది వచ్చారు. ఇద్దరు భార్యాభర్తలు పెళ్ళి ఫొటో లేదని పక్కపక్కన నిలబడి తీయించుకున్నారు.

హాల్లో వీటినే పెడుతున్నాం. ఫ్రేములాయన గారూ, ఇవన్నీ 16x24లో ఒకే రకంగా కావాలి, పాదాలది 24x36. వాళ్ళకి ఇచ్చే ప్రింట్లు వేరే, వాటికి అద్దం తప్పకుండా ఉండాలి, ఉప్పు గాలి కదా. ధర ఎంతవుతుందో మెసేజ్ పెట్టండి. చెల్లీ, ఆటోలు రెండు కావాలి, మీకు తెలిసినవాళ్ళుంటే చెప్పండి. పెద్దాయనా, పరదా గుమ్మం దగ్గరే కడతాం. మేకులు కొట్టడానికి మీరు రావాలి. కావలి నుంచి ప్యాసింజర్ ఎక్కితే స్టేషన్‌కి తమ్ముడు వస్తాడు.

పరదా కింది అంచుకి ఉప్పు అంటుకుంది. తమ్ముడు కుంచె తీసుకుని దులపబోయాడు. వద్దన్నాను.